చేవ

దమ్మామ్ రేవుల కోడిమాంసం గోదాము.
తలుపుకు లోపల మైనస్ పద్దెనిమిది,
బయట నలభై ఏడు.
నడుమ రబ్బరు పట్టీల తెర.
దానికి అటూ ఇటూ తిరిగేటోణ్ణి నేను,
విరిగిన ప్యాలెట్లకు మేకులు కొట్టే వడ్లోణ్ణి.

మా నాయిన వేలు మడిచి కట్టెను కొట్టి వినేటోడు.
చేవ ఉంటే గంట, లేకుంటే గుమ్మడికాయ, అనేటోడు.
ఈ ఎండల సంగతి ఆయనకు తెల్వదు.
ఇక్కడ ఒక్కటే పైన్ చెక్క
పూటకో తీరు పలుకుతది.

మొన్న నమాజు వేళ, పని ఆగినప్పుడు
లోపలి చెక్కొకటి, బయటి చెక్కొకటి
ఇటుకల మీద పరిచి ఎక్కి నిలబడ్డ.
ఎండల ఉన్నది మూలిగింది, కిందికి దిగింది,
గని మోసింది.
చలిల ఉన్నది ఇంచు కూడ వంగలే.
మొఫిజుల్ చప్పట్లు కొట్టిండు.
ఆ ఊపుల ఒక్క ఎగురు ఎగిరిన.
పటుక్కున రెండైంది, సుద్దముక్క తీరు.
ఇవతలి దాన్ని అవతలి దానికి పట్టుకున్న
పీచు ఒక్కటి లేదు.

కురియన్ సారు వచ్చి చూసి
నా పేరు మీద మూడు రియాళ్లు రాసుకున్నడు.

వంగినదాన్ని నీడకు ఆనిచ్చి పెట్టిన.
రాత్రి పదింటికి తట్టి చూస్తే
దాని గొంతు దానికి మళ్లొచ్చింది.
వేడి గుంజుకున్నది సల్లారితే తిరిగిస్తదన్నమాట.
ఎంత సంబురమో!
వారం రోజులు కనపడ్డోళ్లందరికి ఇదే చెప్పిన,
ఫోన్ల మా ఆమెకు కూడ.

ఆ తర్వాత రేకుల షెడ్డు మీంచి ఒక చెక్క దిగింది.
గాలికి రేకు లేవకుంట ఎవరో ఎప్పుడో పెట్టిన బరువు.
చూపుకు సక్కగనే ఉన్నది, రంగే కొంచెం పాతబెల్లం.
రెండు రోజులు మా ఏసీ గదిల మంచం కింద పెట్టిన.
తట్టిన.
గుమ్మడికాయ.
గోరుతోని గీకితే పొడి రాలింది.

ఇకామా కార్డు తీసి చూసిన.
పదకొండు ఎండకాలాలు.
లైటు తీసేసిన గని
నిద్ర పట్టలే.

కొత్తగ వచ్చిన మెట్‌పల్లి పిలగాడు అడిగిండు,
"ఓదెలన్నా, ఇంత ఎండకు ఎట్ల ఆగుతున్నవే?"
నోటిదాకా వచ్చింది మింగి
"చలిగది నుంచి తెచ్చిన చెక్కను
గంటసేపు ముట్టకు, పగుల్తది.
మిట్టమధ్యాహ్నం మేకు దింపకు, పట్టు దొరకదు" అన్న.
వాడు తలకాయ ఊపిండు.
సుత్తి పక్కన పెట్టి
ఊరికెనే, వేలు మడిచి,
బల్లను ఒకసారి కొట్టి
చెవి ఆనిచ్చిండు.