దారి హక్కు

టోర్స్‌హావ్న్‌లో మూడో ఏడాది ఆపరేటింగ్ సిస్టమ్స్.
క్లాసుకి నలుగురే.
కిటికీ అద్దానికి ఉప్పు చారలు,
పది కొట్టినా పూర్తిగా తెల్లారని డిసెంబరు.
కుర్చీల వీపులకి వాళ్ళ కోట్లు
నీళ్ళు కారుతూ వేలాడుతుంటాయి.

బోర్డు మీద రెండు థ్రెడ్లు గీశాను, రెండు తాళాలు.
ఒకటి దీని గుప్పిట్లో, ఒకటి దాని గుప్పిట్లో.
దీనికి అది కావాలి, దానికిది కావాలి.
ముందు ఎవరు వదలాలి?
నలుగురూ బుద్ధిగా రాసుకున్నారు.
అంత బుద్ధిగా రాసుకుంటే
నాకు గుబులు.

ఆ రాత్రి ల్యాబులో
డురిటా ప్రోగ్రాము ఆగిపోయింది.
ఆగిపోయిందనీ అనలేం.
ఎర్ర అక్షరం లేదు, ఫిర్యాదు లేదు,
కర్సరొక్కటే రెప్పలార్పుతోంది
ఎవరో రావలసినవాళ్ళున్నట్టు.
నలభై నిమిషాలు దాని మొహంలోకి చూసి
"ఇది మా సొరంగమే" అంది.

శుక్రవారం బయల్దేరాం.
హోగ్ని కారు. వెనక ముగ్గురు ఇరుక్కుని,
ముందు నేను, నా ఒళ్ళో అందరి సంచులు.
ఉత్తరాన కొండ కడుపులో
తాతల నాడు తొలిచిన బిలం,
ఒక్క బండి పట్టే వెడల్పు.
దీపాల్లేవు. పైనుంచి కారే నీళ్ళు
అద్దం మీద టపటప.
అక్కడక్కడ పక్క గోడలో గూళ్ళు.
ఉత్తరానికి పోయేవాళ్ళది దారి,
ఎదురొచ్చేవాళ్ళు గూట్లోకి తప్పుకోవాలి.
ఇంతే చట్టం. డురిటా దాన్ని
నడక రాకముందే నేర్చుకుందట.

సగం దారిలో ఎదురుగా రెండు కళ్ళు.
చేపల మేత లారీ.
మర్యాదస్తుడు, గూట్లోకి ఒదిగాడు.
హోగ్ని అంతకంటే మర్యాదస్తుడు,
దారి మనదేరా అని డురిటా అరుస్తున్నా వినక
తనూ ఒక గూట్లోకి తిప్పాడు.
మీరు పదండి. అబ్బే, మీరే పదండి.
లైట్లతోనే మాటలు.
అతను బయటికొచ్చాడు, మేమూ వచ్చాం.
అతను వెనక్కి, మేమూ వెనక్కి.
మూడోసారికి
వెనక సీటు పగలబడి నవ్వింది.
ఇంజన్లు తిరుగుతున్నాయి,
చక్రాలు తిరుగుతున్నాయి,
పెట్రోలు కాలుతోంది,
ఎవరం ఎక్కడికీ పోవడం లేదు.
డెడ్‌లాక్ కాదిది, దాని పెద్దింటి చుట్టం.
పుస్తకంలో రెండు లైన్లకి మించి
చోటు దొరకనిది.

చివరికి లారీ అతను దీపాలార్పేసి
దిగొచ్చాడు, టార్చి పట్టుకుని.
కిటికీ దించగానే చేపల వాసన.
"హక్కు మీది నాయనా.
ఉన్నవాడు తీసుకోకపోతే
లేనివాణ్ణి, నేనెక్కడికని పోను?"

సోమవారం డురిటా తాళాలకి నెంబర్లిచ్చింది.
చిన్నది ముందు, పెద్దది తర్వాత,
ఎంతటివాడికైనా ఇదే వరుస.
ప్రోగ్రాము రెప్పపాటులో ముగిసి
ఏమీ ఎరగనట్టు కూచుంది.
మళ్ళీ నడిపింది. వెయ్యిసార్లు నడిపింది.
మా సబ్జెక్టులో నమ్మకమంటే అంతే,
ఇంకా చెడలేదు, అని.

జనవరి పరీక్షలో
డెడ్‌లాక్ రాకుండా ఎలా చూడాలి అంటే
హోగ్ని ఒక్క వాక్యం రాశాడు:
"ఎవరో ఒకరు దిగి వెళ్ళి అడగాలి."
నాలుగు షరతులూ రాయలేదు,
బొమ్మ గీయలేదు.
సగం మార్కు వేశాను.

కొండకి అటుపక్క కొత్త సొరంగం తవ్వుతున్నారు.
రెండు వరుసలు, బారులు తీరిన దీపాలు.
రాబోయే పిల్లలు అందులోంచి
ఎవరికీ దారివ్వకుండానే దాటిపోతారు.
వాళ్ళని ఎక్కడికి తీసికెళ్ళి చూపించాలో
ఇంకా తేల్చుకోలేదు.

హోగ్ని జవాబు పత్రం నా సొరుగులోనే ఉంది.
మిగతా సగం మార్కు
గుప్పిట్లో పట్టుకుని కూచున్నాను.
అతను వచ్చి అడగాలని నేను.
నేను పిలవాలని, బహుశా, అతను.