కూజాకి దిగువన

సముద్రం పక్కన, సున్నపురాయి నేల మీద
ఒక్క గది.
నిమ్మకాయ పెడితే దొర్లనంత చదును.
నీరు పల్లమెరుగు అంటారు గానీ
ఇక్కడ నీటికీ తెలియదు.
నదులన్నీ నేల కిందే నడుస్తాయి,
చెప్పాపెట్టకుండా.

కొండల నుంచి వచ్చారు వాళ్లు.
హోటళ్లు కట్టే పనికి ఆలుష్,
అదే హోటళ్లలో దుప్పట్లు ఉతకడానికి కతాల్,
ఏ పనీ లేని లోషా.
లోషాకి నాలుగేళ్లు.
బస్సు కొండ దిగుతున్నంతసేపూ
ఎగువ ఎటుందో మెడ తిప్పి చూసుకుంటూనే ఉంది.
గదికి రాగానే గుమ్మంలో నిలబడి తేల్చేసింది:
కిటికీ ఎగువ, పొయ్యి దిగువ.

వాళ్ల మాటలో కుడిఎడమలు చేతులకే,
వస్తువులకు లేవు.
దక్షిణం ఎగువ. ఉత్తరం దిగువ.
చెంచా గిన్నెకి ఎగువన ఉంటుంది,
పిల్లి పొయ్యికి దిగువన పడుకుంటుంది.
మాటలు రాకముందే మోకాళ్లు నేర్చుకున్న సంగతి:
కట్టెలమోపుతో రొప్పుతూ అమ్మ ఎక్కేది ఎగువ,
చేజారిన మొక్కజొన్న పొత్తు దొర్లిపోయేది దిగువ.

బడిలో టీచరమ్మ బల్ల మీద కప్పు పెట్టి
ఎడమ, అంది.
బల్ల చుట్టూ తిరిగొచ్చి
కదలని ఆ కప్పునే చూపించి
కుడి, అంది.
లోషా కప్పు వంక చూసింది. టీచరమ్మ వంక చూసింది.
రాత్రి అన్నాల దగ్గర అడిగింది:
"అమ్మా, కుడి అంటే
మనిషి వెంట తిరిగే కుక్కపిల్లా?"
నవ్వబోయిన ఆలుష్‌కి పొలమారింది.

తుఫాను రాత్రి కరెంటు పోయింది.
అగ్గిపెట్టె కోసం కతాల్
చీకట్లో రెండుసార్లు గిర్రున తిరిగింది;
మూడోసారికి కొండా, వాలూ, ఊరూ
అన్నీ కలిసిపోయాయి.
"కూజాకి దిగువన," అంది లోషా నిద్రమత్తులో.
"దిగువ ఎటే?"
చిన్న చెయ్యి తడుముకుంటూ వచ్చి
అమ్మ మోచెయ్యి పట్టి తిప్పింది.
"ఇటు. నీళ్లు పోయే వైపు."
ఏ నీళ్లు?

వానలు వెలిశాక ఒక ఉదయం
రెండో చెప్పు కనబడక కతాల్ విసుక్కుంటుంటే
"నీ ఎడమ పక్కనే ఉందిగా," అంది లోషా
బడి భాషలో, బిస్కట్ నములుతూ.
చెప్పు దొరికింది. వెంటనే దొరికింది.
తొడుక్కున్నాక కూడా కతాల్
గోడకి చెయ్యి ఆనించి
కాసేపు అలాగే నిలబడింది,
మెట్టు ఉందనుకుని
చదును మీద అడుగేసిన మనిషిలా.