రెండు సంచులు

నా భుజాన ఒక సంచి.
తోలుది. డిపోలో ఇచ్చిన కొత్తలో చెప్పుల వాసనేసేది.
నోట్లు, చిల్లర, మిషన్‌కి అదనపు కాగితం చుట్ట,
అడుగున పొట్లంలో పచ్చి బియ్యం.

బియ్యం ఎందుకంటే ఏం చెప్పను?
బస్సు గొల్లపూడి దాటేలోపు గుప్పెడు నమలకపోతే
నోరు ఊరుకోదు.

రెండో సంచి లోపలిది.
నలభై ఆరేళ్లది.
ఇద్దరు ఎక్కారు, ఇద్దరూ దిగిపోయారు.
ఇప్పుడు దాని కుట్లు ఊడాయి.
నెలకి ఐదు రోజులుండేది పన్నెండయింది,
గడ్డలు గడ్డలుగా.
విజయవాడ నుంచి మైలవరం గంటన్నర, గంటకో ప్యాడు,
లెక్క మీరే వేసుకోండి, నేను వేసి వేసి అలిసిపోయాను.
ఖాకీ కోటు మోకాళ్ల దాకా ఉన్నందుకు మాత్రం
రోజూ దణ్ణం పెట్టుకున్నాను.

ఒకరోజు ఇబ్రహీంపట్నం రింగులో
డ్రైవరు ఏడుకొండలు బస్సు ఆపేశాడు.
"టైరు చూసుకోవాలి!"
అందరికీ వినపడేట్టు అరిచాడు.
టైరు శుభ్రంగా ఉంది.
ఎదురుగా పెట్రోలు బంకు, దాని వెనక
గడియ పడే తలుపున్న దొడ్డి.
నేను తిరిగొచ్చేదాకా ఆ టైరుని తన్నుతూనే ఉన్నాడు.
ఆ వారంలో మూడుసార్లు చెడింది టైరు.
దాని గురించి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

"ఆరిపోయే ముందు దీపం ఎగుస్తుందే, అంతే," అంది అమ్మ.
"తీయించి పారెయ్ వదినా,
పిల్లలు అయిపోయారుగా, ఖాళీ సంచి మొయ్యడమెందుకు?"
అంది ఆడపడుచు కరుణమ్మ.
ఆమెది ముప్పై మూడేళ్లకే తీశారు.
తీయాలన్నారు, తీశారు.
ఆ ఏడాది నుంచే ఒళ్లంతా ఆవిర్లు,
పౌషంలో కూడా ఫ్యాను కింద పడక.

కొండపల్లి దగ్గర ఫుట్‌బోర్డు మీద
కళ్ల ముందు నలుపు కమ్మింది.
చిల్లరంతా సీట్ల కిందకి దొర్లిపోయింది.
పాపం, జనం ఏరి ఇచ్చారు.
రాత్రి లెక్క కడితే పదకొండు రూపాయలు తక్కువ.
మర్నాడు సూర్యారావుపేటలో
రక్తం కాగితం మీద ఆరు పాయింట్ ఎనిమిది.
పన్నెండు ఉండాలట.
డిపోలో షార్టేజీ నా జీతంలో కోస్తారు.
ఇన్నేళ్లూ ఇది ఎవరి ఖాతాలో కోశారో.

డాక్టర్ పర్వీన్ చీటీ వెనక నా సంచి బొమ్మ గీసింది,
బోర్లించిన జామకాయలా.
గోడలో ఉసిరికాయంత గడ్డ.
నలభై అయిదు దాటింది కాబట్టి
లోపలి పొరలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది.
బియ్యం నమలడం అలవాటు కాదట,
ఇనుము లేని ఒళ్లు అడుక్కోవడమట.
ఆ రోజుల్లో వేసుకుంటే ధార తగ్గించే బిళ్లలున్నాయంది,
లోపల అమర్చే చిన్న పరికరం, ఏళ్లకేళ్లు మందు కొంచెం కొంచెంగా వదిలేది,
పొరని మాత్రం కాల్చేయడం, గడ్డని మాత్రం తీయడం.
సంచి తీయడం?
"అదీ ఉంది. ఆఖరి స్టేజీ. మధ్యలో చాలా స్టాపులున్నాయి.
మీరెక్కడ దిగుతారు?"

ఇరవై రెండేళ్లుగా ఊరందర్నీ నేనడిగే మాట.
నన్నొకరు అడగడం అదే.
వెంటనే జవాబు రాలేదు,
చేతులు ఊరికే మిషన్ కోసం వెతుక్కున్నాయి.

ముందు ఇనుము ఎక్కించారు,
డికాషన్ రంగు, చుక్క తర్వాత చుక్క.
ముక్క రిపోర్టు మంచిగా వచ్చాక
పరికరం చాలన్నాను.
రెండో నెలా చారలు చారలుగా కనపడుతూనే ఉంది.
ఓపిక పట్టమంది. పడుతున్నాను.
పొట్లం ఇంకా సంచి అడుగునే ఉంది.
ముట్టి పద్దెనిమిది రోజులు.

ఇవాళ ముందు సీట్లో కరుణమ్మ.
ఒళ్లో ప్లాస్టిక్ కవరు, కవర్లో పసుపెక్కిన పాత ఫైలు.
"నాది ఎందుకు తీశారో ఇందులో రాసే ఉంటారు కదా,
చదివి చెప్పు వదినా."

భవానీపురం నుంచి గొల్లపూడి దాకా
ఎవరికీ టికెట్ కొట్టలేదు.
పేజీ పేజీ చదివాను.
బిల్లు ఉంది. సంతకం ఉంది. కుట్ల లెక్క ఉంది.