నాలుగు రేకుల ముచ్చిక

మొదటిసారి పోట్లాటకే పోయినా.
పాత బస్టాండు కాడ దస్తగిరమ్మ తోపుడుబండి మీద
కొరికిన పండు పెట్టి నోరు తెరిచినా.
మాట పెగల్లేదు.
నాలిక మీద ఎవరో గోనెపట్ట పరిచి
పళ్ళకు సున్నం కొట్టి పోయినట్టుంది.
ఎనభై రూపాయలు, ఒక్కటి.

ఆమె నవ్వలా.
పండును అరచేతిలో మెల్లగా తిప్పింది.
"మూతి కోసుగుండాది సూడు.
దీన్ని ఎవురు కొరకమన్యారు నిన్ను?
బల్లపరుపుదైతే జామకాయ మాదిరి కరకరా నమలొచ్చు.
ఇది అట్లాంటిది కాదప్పా,
నీళ్ళతిత్తి అయ్యేదాంక ముట్టకూడదు."

నేను చూసింది స్టిక్కరు.
రిజిస్ట్రారాఫీసు గోడవార దస్తావేజులు రాసేవాణ్ణి,
ముద్ర ఉంటే నమ్మే జబ్బు నాది.
స్పెయిను అని ఉంది, అంకెలున్నాయి,
ఇంకేం కావాల అనుకున్నా.

ఆ చలికాలమంతా ఆ బండి కాడే చదువుకున్నా.
స్పెయిను పెట్టెల్లో కొన్ని
గాలాడని గదిలో పెట్టి వగరు పీకేసినవంట.
గట్టిగున్నా తియ్యగుంటాయి,
తియ్యగుంటాయి గానీ
చక్కెర చల్లిన సొరకాయ తిన్నట్టు,
సగం మాట మరిచిపోయినట్టు.
అదే స్టిక్కరు, ఇంకో పెట్టె:
హైదరాబాదు కోల్డ్ స్టోరేజీలో మరీ ఎక్కువ రోజులు పడుండి
లోపల గాజు మాదిరి, జిగురు,
కోస్తే కత్తి వెనక్కి రాదు.
"ఇవి సగం ధరకిస్తా. తెలిసినోళ్ళకు మాత్రం అమ్మను."

బియ్యం డబ్బాలో పూడ్చిన కోసుమూతిది
పదకొండో రోజుకు బొటనవేలికి లొంగింది.
వంటింట్లో నిలబడే, స్పూనుతో,
ఎవరికీ పెట్టకుండా తిన్నా.
అంత వగరు యాడికి పోయిందో
ఏ కాయితంలోనూ రాసిలేదు.

మే నెలలో న్యూజిలాండువి దిగినాయి.
బల్లపరుపువి, ఒక్కోటి తొంభై ఐదు,
తెల్ల నురుగు వలల్లో కూర్చోబెట్టినవి.
తారు చెప్పులకంటే మధ్యాన్నం
ఆత్మకూరు బస్సు దిగిన గురవమ్మ
బుట్ట దించుకోని బండి నీడన చతికిలబడింది.
ఒక పక్క మొర్రిపండ్లు, ఒక పక్క తునికిపండ్లు,
గ్లాసు ఇరవై.

చెయ్యి చాపి న్యూజిలాండు పండొకటి ఎత్తుకుంది.
స్టిక్కరు చూడలా.
బోర్లించి
ముచ్చిక చూసింది: నాలుగు రేకులు,
ఎండి, అంచులు పైకి లేచి.
బుట్టలోంచి తునికిపండు తీసి
దాని పక్కనే బోర్లించింది.
అవే నాలుగు రేకులు.
గోళీ కంటే కొంచెం పెద్దదానికీ, చీనీకాయంత దానికీ
ఒకే దర్జీ టోపీలు కుట్టినాడు.

"మా తునికే," అనింది. "బాగా తిని బలిసింది."

దస్తగిరమ్మ వంగి చూసి
"అవునే!" అని గమ్మునైపోయింది.
ముక్కలు కోసేటప్పుడల్లా ముచ్చిక పీకి
ఏడేండ్లుగా మోరీలోకి పారేస్తాండాదంట.

నాది హద్దులు రాసే చెయ్యి.
తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం,
ఒక్కో రేకు మీద వేలు పెట్టి చూసుకున్నా.
బీడీ ఆకుకు తప్ప ఎవరి లెక్కలోకీ రాని అడవిచెట్టు
ఇంత దూరం చుట్టరికం దాచిపెట్టుకునుండాది.

గురవమ్మ ధర అడిగింది.
తొంభై ఐదు అనంగానే
వేలు కాలినట్టు పండును వలలో పెట్టేసింది.
నాకు గ్లాసు కొలిచి, కొసరు మూడు వేసింది.
ఒకటి తేనె.
ఒకటి ఉత్త పిండి.
మూడోదాన్ని తొందరపడి కొరికినా,
మళ్ళీ మాట పెగల్లేదు.

ఈసారి దస్తగిరమ్మ నవ్వింది.