రేపటిలోగా

కట్టమంచి జిరాక్సు అంగట్లో
ఆధార్ కాపీకి రెండు రూపాయలు తీసుకునే నన్ను
దేసమ్మక్క అడిగింది:
"అబ్బయా, ఫోన్లో ఆర్డర్లు తీసుకునేవాళ్ళు
ఏందో లోగో పెట్టమంటా ఉండారు.
రేపటిలోగా."

లోగా తెలుసు నాకు. లోగో తెలీదు.
తెలుసులేక్కా అన్నా.

ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి దించితే
ఆ పూట నెట్టంతా అదే తాగేసింది.
తెరిస్తే తెల్లకాగితం,
ఎడంపక్కన చీమలబారు మాదిరి గుర్తులు.
బాణం తెలుసు, పెన్సిలు తెలుసు.
మిగతావన్నీ అత్తింటి వంటింట్లో డబ్బాలు,
మూత తీస్తేగానీ
ఉప్పో సోడానో తెలీదు.

మొదట సున్న.
లాగితే కోడిగుడ్డు,
ఇంకోసారి లాగితే దోసకాయ.
షిఫ్టు నొక్కి పట్టుకోవాలని
రాత్రి తొమ్మిదిన్నరకి తెలిసింది.
అప్పుడొచ్చింది, వంక పెట్టలేని సున్న.
దాన్నిండా రాగిరంగు పోసినా.
కింద పేరు కొడితే
మావత్తు విడిపోయి
దేసమ్ వేరే, మ వేరే,
ఇద్దరు మనుషులైపోయినారు.

పొద్దున్నే ఫోను చేతబట్టుకొని బండికాడికి పోయినా.
వాయిదాలకొచ్చినవాళ్ళు ఆకలిమీద ఉండారు.
ఊరిబిండి వేస్తానే ఓరగా చూసి
"టైరా?" అనింది.
"సంగటక్కా."
"ఇంత నున్నగానా?
కెలికింది మనిషి కాదబ్బయా, మిషిను."
వరసలో నల్లకోటాయన కిసుక్కుమన్నాడు.
నా చెవులు కాలినాయి.

ఆమె తెడ్డు పక్కన పెట్టింది.
తడిచేత్తో గుండ్లోంచి ఇంత తీసి
సత్తుతట్టలో రెండు తిప్పులు తిప్పింది,
మూడోది సగమే.
నడుమ బొటనవేలు గుచ్చింది.
"ఇదీ. ఎత్తుకోనిపో, ఆరిపోతాది."

మా ఓనరు శేషాచారి టీకి పోయిన సందులో
జిరాక్సు గాజుమీద పాలకవరు పరిచి
ముద్దను బోర్లించినా.
మూత పడలేదు. పడకపోయినా
పచ్చటి వెలుగు దానికింద పాకింది,
పాసుబుక్కులకింద, కులం కాగితాలకింద,
చనిపోయినట్టు రాసిచ్చే కాగితాలకింద
రోజూ ఎట్ల పాకుతాదో అట్లనే.

తెరమీదికొచ్చింది సంగటి.
చుట్టూ పగుళ్ళు,
ఒకపక్క ఉడికీ ఉడకని నూకమెతుకు,
నడుమ నల్లటి గుంత.

దీన్ని గియ్యి అంటే సాఫ్ట్‌వేరు
పధ్నాలుగు వందల చుక్కలు పెట్టి గీసింది.
ఏది పట్టుకొని లాగినా
ఇంకేదో పక్క బొడిపె లేస్తాంది.
ఒక్కో చుక్కే చెరుపుతా కూర్చున్నా.
ఇది తీసినా సంగటే.
ఇదీ తీసినా సంగటే.
ఇది తీస్తే ఆలుగడ్డ. వెనక్కి పెట్టు.
రెండో రాత్రి పదకొండుకు ఎనిమిది మిగిలినాయి.
తొమ్మిదోది మెతుకు.
దాన్ని తియ్యడానికి చెయ్యి రాలేదు.

పేరు ఆమెచేతే రాయించినా.
డ్వాక్రా పుస్తకంలో పెట్టే సంతకమే:
దే పెద్దది, స కొంచెం నిద్రపోతా,
మావత్తు కిందికి జారి
గట్టిగా పట్టుకొని ఉంది పైమాను.

కాగితంమీద తీస్తే రాగిరంగు
వంకాయరంగై బయటికొచ్చింది.
ఎందుకో ఇప్పటికీ తెలీదు.
ఎరుపు కలిపి, పసుపు కలిపి,
శేషాచారి ఇంకు లెక్క అడిగేలోగా
ఆరు కాగితాలు మడిచి జేబులో దాచినా.

గడువు దాటి మూడు రోజులు.
యాపువాళ్ళు ఏమీ అనలేదు.
అంత పనీ చేస్తే ఫోన్లో
రేగిపండంత అయి కూర్చుంది.

దేసమ్మక్క కొంగుతో చెయ్యి తుడుచుకొని
ఫోను దూరంగా పెట్టి చూసింది,
దగ్గరికి తెచ్చి చూసింది.
"మెతుకు కూడా పెట్టినావే" అనింది.
కాసేపు ఏమీ అనలేదు.
పొయ్యి కింద పుల్ల ఎగదోసి, మళ్ళీ చూసి,
"అంతా బాగుండాది.
గుంత ఖాళీగా ఉంది.
పులుసేదబ్బయా?"

ఫోను జేబులో పెట్టుకొని
తట్ట ముందుకు జరిపినా.