పటం తీసిన చోటు

మా కొట్లో రెండే రకాల బేరాలు:
దేవుళ్ళు, పోయినవాళ్ళు.
ఇద్దరికీ అదే టేకు చట్రం, అదే పల్చటి అద్దం.
పోయినవాళ్ళకి దండ కోసం
మేకు ఒకటి ఎక్కువ.

ఆమె మూడో రకం.
లింగిచెట్టి వీధి మిట్టమధ్యాహ్నం,
చుట్టిన కాన్వాసు చాపలమ్మే మనిషిలా భుజానేసుకుని
మెట్టు దగ్గర నిలబడి
"అద్దం వద్దు" అంది తమిళంలో.
తెలిసిన తమిళం అంతవరకే.

పేరు ఒదీల్. మా అమ్మ నోట్లో పడి
రెండో రోజుకే వదిన అయింది.
మేడ మీద గది ఇచ్చాం.
పారిస్ తిరుగు టికెట్టు
నా రంపపు పొట్టులో చాలాకాలం పడుంది.

కాఫీకీ కాఫీకీ మధ్య చెప్పేది:
ఫ్రాన్సు ఉత్తరాన బొగ్గు ఊరు.
కిటికీ తెరిస్తే కొండ.
కొండంటే కొండ కాదు,
నాన్నలందరూ గనిలోంచి తోడి పోసిన చెత్త.
మంచు కూడా మధ్యాహ్నానికి మసి అయ్యేదట.
ఏడేళ్ళప్పుడు పొయ్యిలో బొగ్గుతో
అలమర తలుపు మీద నాన్న దగ్గుని గీసింది.
దగ్గుని ఎలా గీస్తారు వదినా అంటే
గాలిని గుప్పిట్లో మూడుసార్లు నలిపి చూపించింది.

బొమ్మల బడిలో మూడేళ్ళు
సున్నపు విగ్రహాల ముక్కులు గీయించారు.
తర్వాత పారిస్‌లో, లిఫ్టు లేని ఆరో అంతస్తులో
ఇరవై రెండేళ్ళు నలుపు.
నలుపు మీద నలుపు. గరిటెతో, చీపురుతో,
ఒకసారి నాన్న బూటుతో.
కొన్నారు. మెచ్చుకున్నారు.
"నీ నలుపు" అనడం మొదలెట్టారు.
"అప్పుడు భయమేసింది" అంది,
"చెయ్యి దానంతట అదే వేసేస్తోంది,
నేను పక్కింటి మనిషిలా చూస్తున్నాను."

ఇక్కడికొచ్చి ఏడాది ఏమీ వెయ్యలేదు.
అమ్మకి బెండకాయలు తరిగిపెట్టేది.
అప్పట్లో హార్బరులో ఇంకా బొగ్గు దించేవారు.
ఆరేసిన చీర మీద వేలు రాసి చూసుకుని
"నా వెనకే వచ్చింది" అనేది.

ఆ కార్తీకం వానలకి గోడ ఉబ్బింది.
తాత నాటి లక్ష్మి పటం దించాల్సొచ్చింది.
నలభై ఏళ్ళ సాంబ్రాణి, ట్యూబులైటు, ఈగలు
గోడనంతా ముసలి పళ్ళ రంగు చేశాయి.
పటం వెనక మాత్రం
తాత నీలిమందు కలిపి కొట్టిన సున్నం
నిన్ననే ఆరినట్టు.

వదిన చేతిలో సగం కోసిన బెండకాయ.
అమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచింది.

మర్నాడు మేడ మీంచి టర్పెంటైను వాసన.
ఆరు నెలలు ఆ ఒక్క నలుచదరమే.
మొదట నీలం వేసేది, గీకేసేది.
నీలం వెయ్యకూడదట.
చుట్టూ మాసిన కాలాన్ని వెయ్యాలట,
నీలం దానికదే మిగలాలట.
నాకు సగమే అర్థమైంది.
పటం తీసిన చోటుకి పటం ఎలా కట్టను అనడిగితే
"కట్టొద్దు" అని కూలిడబ్బు చేతిలో పెట్టింది.
మా వంశంలో చట్రం కట్టకుండా కూలి పుచ్చుకున్నది
నేనొక్కణ్ణే.

పారిస్ నుంచి ఒకాయన వచ్చి చూసి
ఇది మధ్యధరా సముద్రం అన్నాడు.
వదిన నవ్వాపుకోలేక మేడమెట్ల మీద కూలబడింది.
పొట్లం ఎనిమిది రూపాయలు, పక్క వీధి శెట్టి కొట్లో.

ఇప్పుడు మళ్ళీ ఆ బొగ్గు ఊళ్ళోనే ఉంటోంది.
గని మూసేశారట, కొండ మీద గడ్డి మొలిచిందట.
అద్దె కింద ఇచ్చి వెళ్ళిన కాన్వాసు
కొట్లో గల్లాపెట్టె పైన ఉంది.
వచ్చినవాళ్ళు అడుగుతారు:
ఎవరిది, దేవుడా, పోయినవాళ్ళా?

ఏటా నీలిమందు పొట్లాలు పంపుతాను.
పోస్టాఫీసు కాగితంలో "బట్టలకు" అని రాస్తాను.
గోడ ఎలా ఉందని ప్రతి ఉత్తరంలో అడుగుతుంది.
బాగుందని రాస్తాను.
అది మాసి ఎన్నాళ్ళయిందో,
మిగతా గోడలో ఎప్పుడు కలిసిపోయిందో.
ఎక్కడుండేదో వెతుక్కోవాలంటే
మేకు ఒక్కటే.