ఆరు సెకండ్లు

చిత్తూరు బైపాస్ పక్కన, టైర్ల షాపు పైమేడ మీద మా సెంటరు.
బోర్డు మీద వృత్తి ఆరోగ్య కేంద్రం అని ఉంటుంది.
మెట్లెక్కి వచ్చేవాళ్లు మాత్రం
"ఊదే ఆస్పత్రి ఇదేనా?" అంటారు.

ఊదించేది నేనే.
ముక్కుకు క్లిప్పు పెట్టి, అట్టగొట్టం పెదాల మధ్య ఉంచి
"ఊదు, ఊదు, ఆపొద్దు, ఇంకా ఉంది లోపల, ఊదు"
అని అరుస్తాను ఆరు సెకండ్లు.
మధ్యాహ్నానికి నా గొంతు బొంగురుపోతుంది.
దాన్ని రాసుకునే గడి ఏ ఫారంలోనూ లేదు.

చెంగల్రాయుడు, గ్రానైట్ పాలిషింగు, పదకొండేళ్లు.
రెండో సెకనుకే ఆగిపోయాడు.
"ఇంకోసారి మేడమ్, ఈ తూరి పాసవుతా."
మూడుసార్లు ఊదాడు. మూడూ ఒకేలా వచ్చాయి.
మిషను అలాంటివాటినే నమ్ముతుంది.

డాక్టరు సుహాసిని నాడి పట్టకముందే పని అడుగుతారు.
కూలి అంటే రాసుకోరు.
ఏం కూలి? నిలబడా, వంగా? తడిలోనా, దుమ్ములోనా?
గాలి ఏ వైపు నుంచి కొడుతుంది?
జీవరత్నమ్మకి నవ్వొచ్చింది.
గుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి కోసి కోసి
సొన తిన్న వేళ్ల సందుల్లో తోలు ఉల్లిపొరలా లేస్తోంది.
"నొప్పి యాడ అంటారే గానీ అమ్మణ్ణీ,
పని యాడ అని ఇరవై ఏండ్లలో ఎవురూ అడగలా."
మందుతో పాటు గ్లౌజులు రాశారు, రోజుకు రెండు జతలు.
ఏ మెడికల్ షాపులో దొరుకుతాయని
మేస్త్రీ ఆ చీటీ తిప్పి తిప్పి చూశాడట.

నెలకోసారి వ్యానులో మేమే వెళ్తాం.
ఆ రోజు బీరువాలోంచి మాస్కులు దిగుతాయి,
మడత గీతలు కూడా విడవనివి.
రాయి కోసేచోట నీళ్లు పారించమంటాం.
మా వైద్యంలో సగం అంతే, నీళ్లు.
"ట్యాంకరు ఎనిమిదొందలు మేడమ్" అంటాడు సూపర్‌వైజరు
దగ్గు ఆపుకుంటూ.
ఆయనతోనూ ఊదించాను. ఎంతొచ్చిందో ఇక్కడ చెప్పను.

రాత్రి గిన్నెలు కడిగి వంటగట్టు తుడిచాను.
నల్లరాయి. అందులో బల్బు, ఉప్పుడబ్బా, నా మొహం.
కొన్నప్పుడు అడుగు ఎంత అని బేరమాడాను,
గాలి ఏ వైపు అని కాదు.

పాలిషింగు మానెయ్యమని రాసిన కాగితం
చెంగల్రాయుడు రెండుసార్లు చదువుకున్నాడు.
"మానేసి ఏం చెయ్యాల్నో అదీ రాయండి."
డాక్టరు పెన్ను మూత పెట్టి, మళ్లీ తీశారు.

సోమవారం కొడుకును వెంటబెట్టుకొచ్చాడు.
పద్దెనిమిదేళ్లు, పేరు ఏకాంబరం,
గురువారం నుంచి అదే షెడ్డులో, అదే మిషను మీద.
"చేరేముందు ఒకసారి చూపించమంటిరి కదా."
పిల్లోడు నవ్వుతూ ఊదాడు,
ఆరు దాటి, ఏడు దాటి, నేను అరవాల్సిన పని లేకుండా.
స్క్రీను మీద గీత కొండెక్కి
తొందరేమీ లేనట్టు కిందికి దిగింది.

చెంగల్రాయుడు దగ్గరికొచ్చి చాలాసేపు చూశాడు.
ఫైలుకు ఒకటి చాలు.
ఇంకొక కాపీ తీసివ్వమన్నాడు, ఇంట్లో పెట్టుకోడానికి.